చచ్చిన పన్ను నొయ్యదు

మా ఆసుపత్రిలో నాకొక పేరుండేది: ‘దర్వాజ డాక్టరమ్మ’. రోగి దర్వాజ దాటి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చునేలోపే నేను రోగం పేరు చెప్పేసేదాన్ని. అందుకని మా గదిలో డ్రెస్సింగు చేసే ఆయమ్మ ఆ పేరు పెట్టింది. అందులో మెచ్చుకోలు ఎంత, వెక్కిరింత ఎంత అని నేనెప్పుడూ ఆరా తీయలేదు. మెచ్చుకోలే అనుకుని ఏళ్ల తరబడి హాయిగా మోశాను.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఉద్యోగం ఉట్నూరులో మొదలైంది. జీపు దిగి అడవిలో నడిచి పోయి గజ్జికీ తామరకూ మందులిచ్చిన రోజులవి. తర్వాత కొన్నాళ్లు కాగజ్‌నగర్. చివరి పన్నెండేళ్లు కరీంనగర్ వైపు ఒక సర్కారు దవాఖాన. దాని పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. తప్పు నాది. పేర్లు చెప్తే అది పక్కవాళ్లకు కూడా అంటుకుంటుంది, గజ్జిలాగే.

ఇప్పుడిప్పుడే తెల్లకోటు తొడుక్కున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, “మేడం, మీరు చూడగానే ఎట్ల చెప్తరు?” అని అడుగుతుంటారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. ఉత్త గొప్పలకు పోవట్లేదు, నిజంగానే చెప్పేదాన్ని. ఓపీకి రోజూ వంద మందికి తక్కువ కాకుండా వచ్చేవారు. నడక చూసి, గోక్కునే చేయి చూసి, కొంగు ఎక్కడ కప్పుకున్నారో చూసి చెప్పేదాన్ని. మా నర్సుతో చాయ్ పందెం కూడా ఉండేది. నేను చెప్పింది తప్పయితే చాయ్ ఖర్చు నాది, ఒప్పయితే తనది. పాపం, నా చాయ్ ఖర్చంతా ఆమే భరించింది. ఎక్కువసార్లు నేనే గెలిచేదాన్ని, వచ్చిన చిక్కల్లా అదే. మాటిమాటికీ తప్పులు చేసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. నాకు ఆ అవసరం రాలేదు.

ఆమె మొదటిసారి వచ్చింది ఎండాకాలం సెలవుల్లో. సాంచాలు నడిచే ఊరి పక్క పల్లె ఆమెది. మరమగ్గాన్ని మా దిక్కు సాంచ అంటాం. నలభైకి అటో ఇటో ఉంటుంది. ఊరి బడిలో మధ్యాహ్నం వంట ఆమెదే. పిల్లలంతా ‘వంటక్క’ అంటారట, నేనూ అలాగే అంటాను. గదుమ మధ్యలో, కింది పెదవికి రెండు వేళ్ల కిందుగా, శనగగింజంత ఎర్ర బుడిపె ఉంది. దాని నడుమ చిన్న గుంట, ఎవరో లోపలినుంచి దారం కట్టి గుంజినట్టు. నొక్కితే ఒక చుక్క చీము వచ్చింది.

ఆమె దర్వాజలో ఉండగానే నేను “చీముగడ్డ” అన్నాను. నర్సు నిట్టూర్చి చాయ్‌కి చెప్పి పంపింది.

అయినా పుస్తకంలో అడగమన్నవన్నీ అడిగాను. ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

“నొస్తదా?”

“నొయ్యదమ్మా. తడితడిగ ఉంటది, గంతే.”

“దెబ్బేమన్న తాకిందా?”

“లే.”

“పండ్లు గిట్ల నొస్తున్నయా?”

ఆమె నవ్వింది. “నా పండ్లకేమైందమ్మా? చెరుకుగడ ఇయ్యి, ఇక్కడ్నే కొరికి సూపిస్త.”

దెబ్బ లేదు, పండ్ల నొప్పి లేదు అని రాసుకున్నాను. పది రోజుల మాత్రలు, ఒక ట్యూబు ఇచ్చి పంపాను. బుడిపె ఎండిపోయింది. నెల తిరక్కుండా అలిగి పోయిన అల్లుడిలా మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ మాత్రలిచ్చాను, మళ్లీ ఎండింది, మళ్లీ వచ్చింది. మూడోసారి నాకు పట్టుదల పెరిగింది. సూది మందిచ్చి, కోసి, ఆ బుడిపెను పూర్తిగా తీసేసి మూడు కుట్లు వేశాను. నా కుట్లు చాలా సన్నగా ఉంటాయి, ఇప్పటికీ ఎవరినైనా అడగండి. తీసిన ముక్కను పరీక్షకు పంపాను. క్యాన్సరు లేదు, టీబీ ఆనవాలు లేదు, ఉత్త వాపు అని రిపోర్టు వచ్చింది. కుట్ల మచ్చ ఆరకముందే ఆ మచ్చ మధ్యలోంచే చీము చుక్క తొంగి చూసింది. రెండోసారి కోశాను. రెండోసారీ అదే తంతు.

ప్రతిసారీ అవే ప్రశ్నలు అడిగాను. “దెబ్బ తాకిందా?” “లే.” “పండ్లు నొస్తున్నయా?” “లే.” చివరికి ఆమెకు అలవాటైపోయి, నేను నోరు తెరవకముందే “దెబ్బ లే, పండ్లు నొస్తలెవ్వు” అని అప్పజెప్పేది.

ఇక్కడ మా పక్క గది గురించి చెప్పాలి. నా గదికీ దంతవైద్యుడి గదికీ మధ్య ఒక్క గోడ. అటువైపు మిషను గుయ్యిమన్నదంటే ఇటువైపు నా రోగులు గదుమలు పట్టుకునేవాళ్లు. ఆయన నాకంటే పదేళ్లు చిన్న. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి పల్లెవాడు. మెత్తటి మనిషి. మన దిక్కు నోట్లోని పళ్లను కూడా పండ్లే అంటాం కదా, అందుకని వరండాలో కనిపించినప్పుడల్లా, “ఏం సాబ్, ఇయ్యాల జామపండ్లా, సంత్రాలా? కిలో ఎట్ల?” అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్ద డాక్టర్లమని అనుకునే మాకు అప్పట్లో పండ్ల డాక్టరంటే ఒక రకమైన చిన్నచూపు. ఇంతమందిలో ఒక్క రోగిని కూడా నేను ఆ గదికి పంపి, ‘నీ అభిప్రాయం చెప్పు’ అని అడిగింది లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

రెండోసారి కోసిన తర్వాత కూడా చీము రావడంతో నాకు తోచడం ఆగిపోయింది. డాక్టరుకు తోచనప్పుడు ఏం చేస్తాడో తెలుసా? ఒక పెద్ద పేరు రాసి పక్కన ప్రశ్న గుర్తు పెడతాడు. నేనూ అదే చేశాను. చీటీ మీద ఇంగ్లీషులో టీబీ అని రెండక్షరాలు రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, టీబీ విభాగానికి పొమ్మన్నాను. పరీక్షలో ఏమీ దొరకలేదుగా అని మీరు అనొచ్చు. దొరక్కపోయినా ఉండే రకాలున్నాయి. నాకు ఒక దారి కావాలి, దొరికిన దారి అది.

ఆ తర్వాత నెలన్నరకు, దసరా సెలవులకు ముందటి శనివారం, ఆమె మళ్లీ వచ్చింది. కొంగు కళ్ల కింది దాకా కప్పుకుని ఉంది. ఇదివరకు అలా కప్పుకునేది కాదు.

“మందులు మొదలుపెట్టినవా?” అన్నాను.

“టీబీ కాడ అన్ని పరీక్షలు చేసిండ్రు. ఏం లేదన్నరు. ‘మీ మేడమును గట్టిగ అడిగి రా’ అన్నరు.” స్టూలు మీద కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుని అడిగింది. “అమ్మా, నువ్వు రాసిన చీటీల టీబీ పక్కన గా కొక్కెం ఏంది?”

“కొక్కెమా?”

వేలితో గాల్లో గీసి చూపించింది. ప్రశ్న గుర్తు. నిజమే, కొక్కెంలాగే ఉంటుంది.

“అదంటే అనుమానమని. ఖాయం కాదని.”

“నువ్వు అనుమానమని రాసినవు. మా ఊరు ఖాయమని సదివింది.”

అప్పుడు మొత్తం చెప్పింది. బడిలో పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఆమె గదుమ మీది కట్టు చూసి ‘డాక్టరు కాయితం తే’ అన్నాడట. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను రాసిన చీటీ తీసుకుపోయి సంబరంగా చేతిలో పెట్టింది. ఆయన రెండక్షరాలూ చదివాడు, కొక్కేన్ని వదిలేశాడు. ఆ సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది. తల్లులు వచ్చి గొడవ చేశారు, టీబీ విభాగంలో ఏమీ లేదన్నారని చెప్పినా వినలేదు. నెల రోజులుగా ఆమెను వంటగదిలోకి రానివ్వట్లేదు. సోమవారం బడి కమిటీ కూర్చుని వంట పని ఇంకొకరికి ఇచ్చేస్తుందట.

“పదమూడేండ్ల సంది వండుతున్న. నా చేతి అన్నం తిని పెద్దగైన పిల్లలు గిప్పుడు నన్ను సూసి దూరం జరుగుతున్నరు. వంట పోతే పోయింది, గీ పేరెట్ల పోతదమ్మా?”

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పెద్దసారును తిట్టాను, ఊరిని తిట్టాను, చీటీని అతనికెందుకిచ్చావని చివరికి ఆమెనే తిట్టాను. నేను తిట్టి తిట్టి అలిసిపోయి, ఇంకేం చేయాలో తెలియక, డ్రెస్సింగుకు పంపాను. గదిలో ఒక మూల తెర కట్టి ఉండేది, దాని వెనక మా ఆయమ్మ పని చేసేది.

ఆయమ్మది నేతపనివాళ్ల ఇల్లు. పెళ్లి కాకముందు నూలు కండెలు చుట్టేది. భర్త సాంచ చప్పుడుకే చెవులు పోగొట్టుకున్నాడు. ఆమె కట్టు విప్పుతూ అందరితో మాట్లాడినట్టే వంటక్కతోనూ మాట్లాడుతోంది. నేను తర్వాతి రోగి చీటీ రాస్తున్నాను.

“చెల్లె, మీ బాపు ఏం పని చేస్తుండె?”

“సాంచల కాడ్నే. నాలుగు సాంచలు నడిపిచ్చేటోడు. నేను చిన్నప్పుడు సద్ది పట్టుకపోయేదాన్ని.”

“మరి నీకు నాడె తాకలేదా ఎన్నడు?”

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే కొయ్య. రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. పోగులో చిక్కుపడితే అప్పుడప్పుడూ సాంచలోంచి ఎగిరి బయటికొస్తుంది.

“అయ్యో, తాకకుంట ఉంటదా అక్కా? పదేండ్లున్నయో లేవో. సద్ది గిన్నె పట్టుకోని నిలవడ్డ, ఎగిరొచ్చి గీడ్నే తాకింది. పెదివి పగిలి నెత్తురు. ముందటి పన్ను కదిలింది. బాపు పసుపు పెట్టిండు. వారం దినాలకు పన్ను మల్ల గట్టిపడ్డది. గంతే.”

నా పెన్ను ఆగిపోయింది. తెర పక్కకు లాగి అవతలికి పోయాను.

“దెబ్బ తాకిందా అని నిన్ను ఎన్నిసార్లు అడిగిన?”

“అడిగినవు.”

“మరి లేదంటివి?”

ఆమె బిత్తరపోయి ఆయమ్మ వైపు చూసింది. ఆయమ్మే జవాబు చెప్పింది. నన్ను చూస్తూ, పిల్లకు పాఠం చెప్పినట్టు.

“అమ్మా, సాంచల కాడ దెబ్బ అంటే వేలు తెగుడు, తిరిగే పట్టాల చెయ్యి పడుడు. నాడె తాకుడు దెబ్బెట్లయితది? అది దినాం ఎగురుతనే ఉంటది. నువ్వు నాడె ఎగిరిందా అని అడగకపోతివి, ఆమె చెప్పకపోయె.”

ఆ మాట విని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ తెర మూలనే బల్ల మీద కూర్చున్నాను. ఏడాదిన్నరగా నేను సరైన ప్రశ్నే అడిగాను, కాకపోతే ఆమె భాషలో అడగలేదు. అదీ మా అవ్వ నేర్పిన భాషే, నేను పుట్టిన జిల్లా మాటే. చదువు ఎక్కువై, సాంచాల చప్పుడు వినపడనంత దూరం వచ్చేశాను.

గ్లవుసు తొడిగి ఆమె కింది పెదవిని వెనక్కి మలిచాను. నోట్లో పుండ్లున్నాయని వచ్చినవాళ్ల నోళ్లు ఎన్నో చూశాను. గదుమ మీద పుండుతో వచ్చినామె నోట్లోకి మాత్రం ఏడాదిన్నరలో ఒక్కసారీ తొంగి చూడలేదు. ఒక వేలు లోపల, ఒక వేలు బయట పెట్టి తడిమితే, బుడిపె నుంచి లోపలి ఎముక దాకా సన్నని తాడులాంటిది గట్టిగా తగిలింది. మొదటి రోజు నాకు దారంతో గుంజినట్టు కనిపించిందని చెప్పానే, ఆ దారం ఇదే.

ఆమె చేయి పట్టుకుని వరండాలోకి నడిచాను. వరుసలో ఉన్న రోగులు “మేడం, మేడం” అంటుంటే, “జర ఆగుండ్రి” అని పక్క గది దర్వాజలో నిలబడ్డాను.

పండ్ల డాక్టరు నన్ను చూసి లేచి నిల్చున్నాడు. “మేడం, మీరు నా రూముకొచ్చిండ్రంటే మీ పన్నన్న ఊడాలె, నా ట్రాన్స్‌ఫరన్న కావాలె.”

“రెండూ కాదు సాబ్. నాకు తెలుస్తలేదు. జర చూసి పెట్టు.”

‘నాకు తెలుస్తలేదు’ అన్న మాట ఆ ఆసుపత్రిలో నా నోటినుంచి రావడం అదే మొదలు. ఆయన నవ్వలేదు. సంత్రాల సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ముందు పండ్లు శుభ్రంగా తుడిచాడు. ఆమె రోజూ నల్ల పండ్లపొడితో తోముతుంది, అందుకని అన్నీ ఒకే మసక రంగులో కనిపించేవి. తుడిచాక చూస్తే కింది వరుసలో ముందటి పన్ను ఒకటి బూడిద రంగులో ఉంది. టీకాల ఫ్రిజ్జులోంచి ఐసు ముక్క తెప్పించి ఒక్కో పన్నుకూ ఆనించాడు.

“సల్లగున్నదా?”

“ఉన్నది.”

“గిది?”

“అబ్బా, జివ్వుమన్నది.”

“మరి గిది?”

ఆమె కాసేపు చూసింది. “పెట్టినవా సారూ?”

పెట్టాడు. బూడిద రంగు పన్ను మీద ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి. ఆమెకు ఏమీ తెలియలేదు.

“మేడం,” అన్నాడు ఆయన మెల్లగా, “చచ్చిన పన్ను నొయ్యదు. నాడె తాకిన్నాడే లోపల చచ్చిపోయింది. ఇన్నేండ్లు అడుగున మురుగుతున్నది. చీముకు నోట్లకు దారి దొర్కలే, గదుమలకెళ్లి బయటపడ్డది. మీరు దర్వాజ మూస్తున్నరు, అది లోపల్నుంచి మల్ల కొడుతున్నది.”

దర్వాజ అన్న మాట ఆయన కావాలని అన్నాడో, తెలియక అన్నాడో. నేను అడగలేదు.

“నమ్మకమేనా?” అన్నాను. అప్పటికీ నాలో ఇంకా కొంచెం బింకం మిగిలుంది.

జవాబుగా డబ్బాలోంచి సన్నని గులాబీ రంగు పుల్ల తీశాడు. రబ్బరులా వంగే పుల్ల, ఎక్స్‌రేలో తెల్లగా పడుతుందట. గదుమ మీది రంధ్రంలోకి మెల్లగా తోశాడు. అది లోపలికి పోతూనే ఉంది. ఆమె “ఏమైతలేదు సారూ, చక్కిలిగిలయితున్నది” అంది. దానితోనే చిన్న ఎక్స్‌రే తీశాడు. ఫిల్మును వెలుతురుకు పెట్టి నాకు చూపించాడు. చర్మం దగ్గర మొదలైన తెల్లటి గీత వంపు తిరిగి పోయి, ఆ పన్ను వేరు కింద, మినపగింజంత నల్లటి మచ్చలో ఆగింది.

పొలిమేర దాటి ఎక్కడో వెతుకుతుంటే దొంగ పక్కింట్లోనే దొరికాడు. నేను రెండుసార్లు కోసింది వాడి ఇంటి ముందు ముగ్గును.

“పీకుతరా సారూ?” అని వంటక్క భయంగా అడిగింది.

“ఎందుకు పీకుడు? గట్టిగున్నది. వెనకదిక్కు చిన్న కన్నం పెట్టి, లోపల చచ్చినదాన్ని తీసి, కడిగి, మందు పెట్టి మూస్త. పదిహేను దినాలల్ల బయటి రంధ్రం దానంతటదే మూసుకుంటది. ఫికర్ చెయ్యకు.”

“పైన పూసే మందు?” అన్నాను నేను.

“ఏమక్కరలేదు మేడం.”

ఏడాదిన్నరలో నేను పూయించిన ట్యూబులన్నీ కళ్లముందు కనిపించాయి.

ఆయన పని మొదలుపెట్టాడు. గోడ అవతలినుంచి ఎన్నోసార్లు విసుక్కున్న ఆ గుయ్యిమనే చప్పుడును ఆ రోజు పక్కనే నిలబడి విన్నాను. నా వరుస రోగులు వచ్చి దర్వాజలోంచి తొంగి చూస్తున్నారు. అయ్యాక పెద్దసారు నంబరు తీసుకుని ఫోను చేశాను. సోమవారం కమిటీ వద్దు, దసరా సెలవులయ్యి బడి తెరిచే రోజు దాకా ఆగండి అన్నాను.

“ఆనాటికి మానకపోతే మేడం?”

“మానుతది.”

“ఇంతకుముందు కూడ మీరు...”

“ఇంతకుముందు తప్పు చెప్పిన. ఇప్పుడు కరెక్టు చెప్తున్న.”

ఆయన “సరే, బడి తెరిచే దినం చూస్తం. మానితె ఆమెనే, మానకపోతే కొత్తామె” అన్నాడు.

ఆ పదిహేను రోజులు నేను భయపడ్డానని చెప్పను, నాకా అలవాటు లేదు. కానీ బతుకమ్మ ఆడుతున్నప్పుడు కూడా మా ఆడపడుచు గదుమ వైపు చూస్తూ పాట తప్పాను. ఇంట్లో అందరి చేతా పెదవులు మలిపించి పండ్లు చూశాను. మా ఆయన, “నువ్వు రిటైరైనంక పక్క రూముల పని దొర్కుతది తియ్” అన్నాడు.

సెలవుల చివరి రోజు ఆమె వచ్చింది. దర్వాజలో ఉండగా నేను ఏమీ చెప్పలేదు. కూర్చోనిచ్చాను. కొంగు తానే తీసింది. రంధ్రం మూసుకుపోయింది. నొక్కాను, మళ్లీ నొక్కాను, ఇంకా గట్టిగా నొక్కాను. చుక్క రాలేదు. ఆయమ్మ పక్కనుంచి “ఇగ సాలు తియ్యమ్మా, మల్ల పుట్టిస్తవా ఏంది” అంది. గదుమ మీద చిన్న సొట్ట, దాని మీద అడ్డంగా రెండు సన్నని గీతలు మిగిలాయి. సొట్ట రోగానిది. గీతలు నా కత్తివి. అవి ఆమె ముఖం మీద ఇప్పటికీ ఉన్నాయి.

“నన్ను మాఫ్ చెయ్యి,” అన్నాను.

“ఏందమ్మా గట్లంటవు? చెప్పకపోయింది నేనే కదా.”

“అడగరాకపోయింది నాకు.”

కాగితం తీసి రాయబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

“తెలుగుల రాయి. నేను గూడ సదువుకుంట. ఇంకో మాట, ఈసారి గా కొక్కెం పెట్టకు.”

పెద్ద అక్షరాలతో రాశాను. ‘ఈమెకు టీబీ లేదు. ఎప్పుడూ లేదు. నేను పొరబడ్డాను. పంటి జబ్బు ఉండేది, నయమైంది. వంట చేయవచ్చు.’ ఆమె ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. చివర చుక్క దగ్గర వేలు ఆపి, “గిది సరే” అంది.

ఆ కాగితం ఇచ్చి పంపేసి ఉండొచ్చు. కానీ మొదటి చీటీ కూడా అలా చేతికిచ్చి పంపిందే. మర్నాడు సెలవు పెట్టి, ఆయమ్మను వెంటబెట్టుకుని ఆ బడికి పోయాను.

పిల్లలూ, నాకంటే చిన్న వయసు డాక్టర్లూ, బడి సంగతి చెప్పే ముందు మీకు ఒక్క మాట. ముఖం మీద మానని పుండు కనిపిస్తే పెదవి మలిచి చూడండి, పక్క గదివాణ్ని పిలవండి, ఇవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంకోటి. మీ రోగి ఏ పని చేసే ఇంట పుట్టాడో కనుక్కుని, ఆ పనిలో దెబ్బను ఏమంటారో నేర్చుకోండి. సింగరేణి బొగ్గు బాయిలో దిగినోడిది ఒక మాట, కల్లు గీసేవాడిది ఒక మాట, బీడీలు చుట్టేదానిది ఒక మాట. నేను ఆ తర్వాత ఉద్యోగం చేసిన మూడేళ్లలో దర్వాజ దగ్గర రోగం చెప్పడం మానలేదు, అబద్ధమెందుకు. కాకపోతే చెప్పాక కూర్చోబెట్టి అడిగేదాన్ని. చాయ్ కూడా చాలాసార్లు ఓడాను.

బడిలో కమిటీ తల్లులు వరండాలో కూర్చుని ఉన్నారు. వంటగది ముందు కొత్తామె పొయ్యి ముట్టించలేక ఊదుతోంది. రాత్రి వానకు కట్టెలు తడిసి ఒకటే పొగ. పెద్దసారు రిజిస్టరులోంచి నా పాత చీటీ తీసి, కొత్త కాగితం పక్కన పెట్టి, అటూ ఇటూ చూశాడు.

“రెండూ మీరే రాసిండ్రు మేడం. ఏ మేడమును నమ్మాలె?”

“రెండో ఆమెను నమ్మండి సార్. మొదటామెకు తెలివి తక్కువ.”

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆ తల్లుల మధ్యకు పోయి, వంటక్కను దగ్గరికి పిలిచి, ఆమె కొంగు నా చేత్తో తీసి, గదుమ మీద వేలు పెట్టి చూపించాను. నాడె సంగతి చెప్పాను. అక్కడున్న ఆడవాళ్లలో సగం మంది సాంచాల ఇళ్లవాళ్లే. ఒకామె వెంటనే తన మోచేతి మీది మచ్చ చూపించి, “నాకు గిక్కడ తాకింది” అంది. ఇంకొకామె నుదురు చూపించింది. కాసేపటికి ప్రతి ఒక్కరూ తమ నాడె మచ్చలు చూపించడం మొదలుపెట్టారు, కొత్తామె కూడా. నా గురించి, టీబీ గురించి అందరూ మర్చిపోయారు.

“ఇగ పిల్లలకు ఆకలైతది, ఎవరో ఒకరు పొయ్యి ముట్టియ్యుండ్రి,” అన్నాడు పెద్దసారు.

మధ్యాహ్నం దాకా ఉండి ఇక్కడే తినిపోతానని చెప్పాను. వంటక్క కొంగు నడుముకు దోపుకుని, పెద్దసారు ముందుకు పోయి చేయి చాపింది. ఆయన కొత్త కాగితం ఇవ్వబోయాడు. అది కాదంది. నా పాత చీటీ తీసుకుని, ఒకసారి విప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, తడి కట్టెల కింద పుల్లల్లో దోపి అగ్గిపుల్ల గీసింది. అది ఒక మూలనుంచి అంటుకుంది, పుల్లలు చిటపటమన్నాయి, మంట లేచింది.

“ఇన్ని దినాలకు నీ కొక్కెం ఒక పనికొచ్చింది డాక్టరమ్మా,” అంది, పొయ్యి మీదికి ఎసరు ఎత్తుతూ.